ఇంట్లో వానపాముల తొట్టి: జమ ఎంత, ఖర్చు ఎంత?

 

బడిలో పర్యావరణం పాఠం విని వచ్చిన పిల్లలు "మన ఇంట్లో కూడా వానపాముల తొట్టి పెట్టుకుందాం" అని అడగడం, పెద్దలు "డబ్బు దండగ, పైగా కంపు" అని తోసిపుచ్చడం ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో జరుగుతున్నది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి వాదన కన్నా లెక్క మేలు. వాణిజ్యశాస్త్రం చదివి, బ్యాంకులో లెడ్జర్లు రాసి పదవీ విరమణ చేసిన వాడిని కనుక, ఈ విషయాన్ని జమ, ఖర్చు అనే రెండు వరుసల్లో మీ ముందు ఉంచుతున్నాను. చదివి, మీ ఇంటి అంకెలు వేసుకొని, మీరే నిర్ణయించుకోగలరు.

వానపాము చేసే పని ఏమిటి?

మన పల్లెల్లో దీనిని ఎర్ర అని కూడా అంటారు. కన్నడంలో ఎరెహుళు. రైతుకు ఇది మేలు చేస్తుందని మన పెద్దలకు ఎప్పటి నుంచో తెలుసు. శాస్త్రీయంగా చూపిన వారిలో ముఖ్యుడు ఇంగ్లండు దేశస్థుడైన చార్లెస్ డార్విన్. వానపాములు నేలను ఎట్లా తిరగవేస్తాయో వివరిస్తూ ఆయన 1881లో ఒక పూర్తి గ్రంథమే ప్రచురించారు.

అయితే అన్ని వానపాములూ తొట్టిలో బ్రతకవు. శాస్త్రజ్ఞులు వాటిని మూడు తరగతులుగా చెబుతారు. నేల పైభాగంలో, కుళ్ళిన ఆకు అలముల్లో ఉండేవి ఒక తరగతి. నిలువుగా బొరియలు చేసుకొని పైకీ కిందికీ తిరిగేవి రెండవ తరగతి. ఎప్పుడూ మట్టి లోపలే ఉండేవి మూడవ తరగతి. తొట్టికి పనికివచ్చేవి మొదటి తరగతి మాత్రమే. ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే, మన దేశపు పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అనేవి అందుకు వాడే రకాలు. కనుక పిల్లలు పెరటిలో తవ్వి తెచ్చిన వానపాములను తొట్టిలో వేస్తే అవి నిలవవు. వాటిని నేలలోనే ఉండనివ్వడం మంచిది.

వానపాముకు పళ్ళు లేవు. పచ్చి కూరగాయ ముక్కను అది కొరకలేదు. ముందుగా సూక్ష్మజీవులు ఆ ముక్కను మెత్తబరుస్తాయి. అప్పుడు వానపాము దానిని, దానిమీది సూక్ష్మజీవులతో సహా మింగి, లోపలి కండర సంచిలో ఇసుక రేణువుల సాయంతో నూరి, గుళికలుగా విసర్జిస్తుంది. ఆ గుళికలే మనం ఎరువు అంటున్నది. అది చర్మంతో శ్వాసిస్తుంది కనుక చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. అట్లాగని నీటిలో మునిగితే గాలి అందక చస్తుంది. ఉప్పు తగిలినా చస్తుంది. వెలుతురు దానికి పడదు. ఈ నాలుగు సంగతులు గుర్తుంటే తొట్టి నిర్వహణలో సగం తెలిసినట్లే.

మన ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. దేవనహళ్ళి నుంచి బళ్ళారి రోడ్డు మీద బెంగళూరు వెళ్ళేటప్పుడు మనకు తగిలే జి.కె.వి.కె. ఆవరణలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టర్ రాధా డి. కాలే గారు దశాబ్దాల పాటు వానపాముల మీద పరిశోధనలు చేశారు. చెన్నైలో డాక్టర్ సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ గారు మన దేశపు వానపాములతోనే ఎరువు తయారీని ప్రచారం చేశారు. బెంగళూరు చెత్తతో ఎరువు చేయడానికి కర్ణాటక కంపోస్టు అభివృద్ధి సంస్థ 1975లోనే ఏర్పడినది.

ఎంత చెత్తకు ఎంత తొట్టి?

ముందుగా మీ వంటింటి తడి చెత్తను ఒక వారం పాటు తూచండి. ఇంటికీ ఇంటికీ తేడా ఉంటుంది. అనపకాయల కాలం వస్తే, పితికిన పప్పు చేసుకునే ఇళ్ళలో తొక్కలే బుట్టెడు అవుతాయి. లెక్క కోసం నలుగురు ఉన్న ఇంట్లో రోజుకు 750 గ్రాములు అనుకుందాము. అందులో నిమ్మ, నారింజ తొక్కలు, ఉల్లి, వెల్లుల్లి పొట్టు, ఉప్పు నూనె తగిలిన కూరలు, ఎముకలు తొట్టికి పనికిరావు. మన ఊరికి భౌగోళిక గుర్తింపు తెచ్చిన చక్కోత పండు తొక్క కూడా ఈ జాబితాలోనిదే. మూడవ వంతు ఇట్లా తీసివేస్తే, రోజుకు 500 గ్రాములు, వారానికి మూడున్నర కిలోలు, సంవత్సరానికి సుమారు 180 కిలోలు తొట్టికి అందుతాయి.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రానికి చెందిన మేరీ ఆపెల్‌హాఫ్ అనే ఆమె 1982లో ఇంటి తొట్టెల గురించి పుస్తకం రాసి ప్రసిద్ధి పొందారు. ఆమె చెప్పిన మోటు లెక్కలు రెండు ఇప్పటికీ ఉపయోగపడతాయి. రోజుకు వేసే చెత్తకు రెండింతల బరువు వానపాములు కావాలి. వారానికి ఒక పౌను చెత్తకు ఒక చదరపు అడుగు వైశాల్యం కావాలి. మన కొలతల్లో చెప్పాలంటే వారానికి కిలోకు రెండు చదరపు అడుగుల పైచిలుకు.

అంటే మూడున్నర కిలోలకు సుమారు 8 చదరపు అడుగులు. వానపాములు ఒక కిలో. అర కిలోతో మొదలు పెట్టి, చెత్త తక్కువగా వేస్తూ పోతే కొన్ని నెలల్లో అవే పెరుగుతాయి. లోతు అడుగు చాలు. ఇవి లోతుకు పోయేవి కావు, పైన పరుచుకునేవి. అందువల్ల ఎత్తైన బిందె కన్నా వెడల్పైన తొట్టి మేలు. దుకాణంలో అరలు అరలుగా ఉన్న అందమైన డబ్బాను చూసినప్పుడు దాని ఎత్తును కాదు, ఒక అర పొడవు వెడల్పులను కొలిచి చూడండి. అడుగున్నర చదరం ఉంటే అది రెండుంబావు చదరపు అడుగులు మాత్రమే. "నలుగురి కుటుంబానికి సరిపోతుంది" అని అట్ట మీద ఉన్నా, లెక్క ఒప్పుకోదు.

జమాఖర్చుల పట్టిక

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి కనుక ఇక్కడి అంకెలు ఉదాహరణలుగా తీసుకొనగలరు. మీ ఊరి ధర తెలుసుకొని ఆ స్థానంలో వేసుకోండి. పద్ధతి మాత్రం మారదు.

మొదటి రకం, కొన్న డబ్బా:

1. డబ్బా ధర రూ. 5,000. అయిదేళ్ళు పనిచేస్తుందనుకుంటే సంవత్సరానికి తరుగుదల రూ. 1,000.
2. అర కిలో వానపాములు రూ. 300. అయిదేళ్ళకు పంచితే సంవత్సరానికి రూ. 60.
3. కొబ్బరి పీచు పొడి, వేపపిండి వగైరా సంవత్సరానికి రూ. 200.
4. పెట్టుబడి రూ. 5,300 బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ, నూటికి 7 చొప్పున రూ. 370.
మొత్తం ఖర్చు సంవత్సరానికి రూ. 1,630.

రెండవ రకం, ఇంట్లో చేయించుకున్న తొట్టి:

1. పాత 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా రెండుగా కోయించి, అడుగున రంధ్రాలు వేయించి, ఇటుకల మీద నిలపడానికి రూ. 900. మూడేళ్ళు వస్తుందనుకుంటే సంవత్సరానికి రూ. 300. ఒక్కొక్క సగానికి సుమారు అయిదు చదరపు అడుగుల నోరు వస్తుంది కనుక స్థలం సరిపోతుంది. రసాయనాలు నింపిన డ్రమ్ము మాత్రం తేవద్దు.
2. వానపాములు రూ. 300, మూడేళ్ళకు పంచితే రూ. 100.
3. పీచు పొడి వగైరా రూ. 200.
4. రూ. 1,200 మీద వడ్డీ రూ. 84.
మొత్తం ఖర్చు సంవత్సరానికి రూ. 684.

ఇక జమ వైపు. కూరగాయల చెత్తలో ఎక్కువ భాగం నీరే. 180 కిలోల చెత్త, దానితో వేసే ఎండుటాకులు, అట్టముక్కలు కలిసి, చివరకు చెత్త బరువులో నాలుగవ వంతు ఎరువు మిగులుతుందనుకుందాము. అంటే 45 కిలోలు. దీని విలువ ఎంత? నర్సరీలో చిన్న ప్యాకెట్టుగా కొంటే కిలో రూ. 20 అనుకుంటే రూ. 900. రైతు దగ్గర బస్తాగా కొంటే కిలో రూ. 8 అనుకుంటే రూ. 360.

ఇప్పుడు తేల్చుదాము. కొన్న డబ్బాకు, ప్యాకెట్టు ధరకే విలువ కట్టినా, సంవత్సరానికి రూ. 730 నష్టం. దాని వైశాల్యం తక్కువైనా పూర్తి దిగుబడి ఇచ్చి ఉదారంగా వేసిన లెక్క ఇది. ఇంట్లో చేయించిన తొట్టికి ప్యాకెట్టు ధరన రూ. 216 లాభం, బస్తా ధరన రూ. 324 నష్టం.

ఇందులో మన శ్రమ కలపలేదు. రోజుకు పది నిమిషాలు అనుకున్నా సంవత్సరానికి 60 గంటలు దాటుతుంది. దానికి కూలి కడితే ఏ తొట్టీ గిట్టదు. కనుక "ఇది డబ్బు ఆదా చేస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మనక్కర లేదు. ఉపకార వేతనం మీద చదువుకుంటున్న పిల్లవాడి ఇంట్లో రూ. 5,000 పెట్టి డబ్బా కొనడం నా దృష్టిలో సబబు కాదు. ఆ డబ్బుకు పుస్తకాలు, పరీక్ష రుసుములు ముందు వరుసలో ఉన్నాయి.

ఎరువులో బలం ఎంత?

"వానపాముల ఎరువు బంగారం" అని ప్రకటనల్లో చూస్తుంటాము. దానిని కూడా తూచి చూద్దాము. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అమ్మే వర్మీ కంపోస్టులో నత్రజని కనీసం నూటికి 1 వంతు ఉండాలి. మన 45 కిలోల్లో అంటే 450 గ్రాములు. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులు. కాబట్టి సంవత్సరమంతా కష్టపడి చేసిన ఎరువులోని నత్రజని ఒక కిలో యూరియాలోని దానికి సమానం. 45 కిలోల యూరియా బస్తా ప్రభుత్వ సబ్సిడీతో రూ. 270 లోపు దొరుకుతున్నది. కిలోకు ఆరు రూపాయలు!

అయితే వానపాముల ఎరువు పనికిరాదా? పనికివస్తుంది. దాని విలువ నత్రజనిలో కాక మరొక చోట ఉన్నది. ఆ ఉత్తర్వు ప్రకారమే అందులో సేంద్రియ కర్బనం నూటికి 18 వంతులైనా ఉండాలి. యూరియా మట్టిలో ఈ కర్బనాన్ని చేర్చి నిలపదు. ఈ కర్బనం వల్ల మట్టి గుల్లబారుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది, మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారం అవుతుంది. మన ఎర్రమట్టి కుండీల్లో పోసిన నీరు చటుక్కున జారిపోతుందని మొక్కలు పెంచే వారికి తెలుసు. అక్కడ దీని పని కనబడుతుంది. మందుగా కాక, మట్టికి ఆహారంగా చూడాలి.

బ్యాంకు పుస్తకంలో కనబడని ఖాతా

ఇంతవరకు మన ఇంటి లెక్క చూశాము. మన గడప దాటిన చెత్తకు కూడా ఒక ఖాతా ఉన్నది. దానిని వేరొకరు చెల్లిస్తున్నారు.

బెంగళూరు నగర చెత్త ఏళ్ళ తరబడి యలహంక వైపున్న మావళ్ళిపురకు, తూర్పున మండూరుకు లారీల్లో వెళ్ళేది. తడి చెత్త, పొడి చెత్త కలిసి గుట్టలుగా పడితే గాలి అందని లోపలి భాగంలో కుళ్ళి మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ళ లెక్కన భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా 25 రెట్లకు పైగా బలమైనది. కింది నుంచి నల్లని కషాయం లాంటి నీరు ఊరుతుంది. అది బావుల్లోకి, చెరువుల్లోకి దిగితే ఆ ఊరివారు ఏమి తాగాలి? మావళ్ళిపుర గ్రామస్థులు నిరసన తెలపగా 2012లో అక్కడి క్షేత్రం మూతపడినది. అప్పుడు నగర వీధుల్లో చెత్త గుట్టలు పడిన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మండూరు ప్రజలు కూడా గట్టిగా నిలబడటంతో 2014 డిసెంబరు 1 నుంచి అక్కడికి లారీలు ఆగిపోయినవి.

తరువాత చెత్త వెళ్ళిన చోట్లలో మన పక్క తాలూకా అయిన దొడ్డబళ్ళాపురలోని గుండ్లహళ్ళి, చిగరేనహళ్ళి ఉన్నాయి. అక్కడి రైతులు కూడా ధర్నాలు చేశారు. వారిలో మన బంధువులు, మన భాష మాట్లాడేవారు లేకపోలేదు. 2008లో విమానాశ్రయం వచ్చిన తరువాత మన దేవనహళ్ళి చుట్టూ లేఅవుట్లు, హోటళ్ళు ఎంత పెరిగాయో చూస్తూనే ఉన్నాము. ఇక్కడ పుట్టే చెత్తకూ ఒక ఊరు కావాలి. ఏ ఊరు ఒప్పుకుంటుంది?

ఇంటి చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. తడిది వేరు చేస్తే మిగిలిన కాగితం, ప్లాస్టిక్, సీసాలు శుభ్రంగా ఉండి కొనేవారికి పనికివస్తాయి. కలిపితే రెండూ చెడతాయి. హైకోర్టు 2015 డిసెంబరులో బెంగళూరు ఇళ్ళకు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతిని తప్పనిసరి చేసింది. 2016లో వచ్చిన కేంద్ర నియమాలు దేశమంతటా ఇంటి దగ్గరే చెత్తను వేరు చేయాలని చెప్పాయి.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మన ఒక్క ఇంటి 180 కిలోలు, రోజుకు నాలుగు వేల టన్నులకు పైగా చెత్త పుట్టే నగరానికి లెక్కలోనివి కావు. తొట్టి పెట్టినంత మాత్రాన ఏ ఊరి బావీ శుభ్రపడదు. కానీ తొట్టి ఉన్న ఇంట్లో తడి చెత్తలో ప్లాస్టిక్ వేయరు, వేస్తే అది ఎరువులో మళ్ళీ చేతికి తగులుతుంది. వేరు చేయడం ఇంటివారందరికీ అలవాటు అవుతుంది. తొట్టి ఇచ్చే అసలు లాభం ఆ అలవాటే. ఆ అలవాటు తొట్టి లేకుండా కూడా అబ్బితే, తొట్టి లేని లోటు పెద్దది కాదు.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

1. పాతిక కుండీలైనా ఉన్న ఇంటికి తగును. నెలకు కుండీకి 150 గ్రాములు, అంటే రెండు గుప్పెళ్ళు వేస్తే, పాతిక కుండీలకు సంవత్సరానికి సరిగ్గా 45 కిలోలు కావాలి. మొక్కలు లేని ఇంట్లో ఎరువు మూటలు పేరుకుపోతాయి.

2. నీడ, గాలి ఉన్న చోటు, బాధ్యత తీసుకునే ఒక మనిషి ఉంటే తగును. పిల్లవాడు హాస్టలుకు వెళితే తరువాత ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి. లేకపోతే ఆరంభశూరత్వమై చివరకు ఆ భారం అమ్మ మీద పడుతుంది.

3. పెరడు, పశువులు ఉన్న ఇంటికి అక్కర లేదు. మన పాత పెంటకుప్ప పద్ధతినే కాస్త శుభ్రంగా, గుంట తీసి, ఆకులు కప్పి చేస్తే చాలు. వానపాములు వాటంతట అవే చేరతాయి.

4. మిద్దె మీద ఎండ తప్ప నీడ లేని అద్దె ఇంటివారికి వానపాములు కష్టం. వారికి మూడు మట్టి కుండల పద్ధతి ఉన్నది. బెంగళూరులో డైలీ డంప్ సంస్థ 2006 నుంచి ఇటువంటి కుండల దొంతరను ప్రచారంలోకి తెచ్చింది. ఇందులో వానపాములు వేయనక్కర లేదు, సూక్ష్మజీవులే పని చేస్తాయి. వండిన పదార్థాలు కూడా కొంతవరకు వేయవచ్చు. వేసవికి ఊరు వెళ్ళినా చచ్చేది ఏమీ లేదు.

5. మొక్కలూ లేవు, చోటూ లేదు అనేవారు తడి చెత్తను విడిగా ఉంచి బండికి ఇస్తే చాలు. అది తక్కువ పని ఏమీ కాదు.

వాతావరణం మాట కూడా చెప్పాలి. దేవనహళ్ళి సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి చల్లదనం వానపాములకు అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో తడి గోనె కప్పితే గడిచిపోతుంది. కానీ అనంతపురం, కడప వైపు ఉన్న మన బంధువుల ఇళ్ళలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ చెట్టు నీడ, పందిరి, రోజూ నీళ్ళు చిలకరించడం లేకుండా తొట్టి నిలవదు.

పెట్టుకోదలచిన వారికి సూచనలు

అడుగున రంధ్రాలు ఉండాలి. తొట్టిని ఇటుకల మీద నిలిపి, కింద పళ్ళెం పెట్టండి. అరడుగు మందం పరుపు వేయండి. నానబెట్టి పిండిన కొబ్బరి పీచు, చింపిన అట్టముక్కలు, పాత పేడ, గుప్పెడు మట్టి ఇందుకు సరిపోతాయి. పచ్చి పేడ వేడెక్కుతుంది, వేయరాదు. పరుపును పిడికిట బిగిస్తే ఒకటి రెండు చుక్కలు కారాలి, ధార కారరాదు. వారం తరువాత వానపాములను వదలండి.

మొదటి నెల రోజుకు గుప్పెడు మాత్రమే వేయండి. సన్నగా తరిగి, ఒక మూలన పూడ్చి, పైన ఎండుటాకులు కప్పండి. మరునాడు మరొక మూల. వేసినది మాయమైన తరువాతనే పెంచండి.

వాసన వస్తే తడి ఎక్కువైనట్లు. చెత్త ఆపి, ఎండుటాకులు కలిపి, పైపైన కదిలించండి. చిన్న ఈగలు ముసిరితే చెత్త పైన తేలినట్లు, పూడ్చి కప్పండి. చీమలు వస్తే పొడిబారినట్లు, నీళ్ళు చల్లి తొట్టి కాళ్ళను నీటి గిన్నెల్లో ఉంచండి. వానపాములు గోడలెక్కి పారిపోతుంటే వేడి గాని, పులుపు గాని, ఉప్పు గాని తగిలినట్లు. ఎలుకలు రాకుండా మూతకు సన్నని జల్లెడ వల బిగించండి.

రెండు మూడు నెలలకు పైభాగం టీ పొడి లాగా నల్లగా అవుతుంది. అప్పుడు ఒక పక్కకు నెట్టి, రెండవ పక్క కొత్త మేత వేస్తే వానపాములు అటు చేరతాయి. ఎరువు తీసి నీడన ఆరబెట్టండి. కింద పళ్ళెంలోకి కారిన నీటిని పదింతల నీటితో కలిపి కుండీలకు పోయవచ్చు. కూరగాయల మీద చిలకరించడం వద్దు. పని అయిన తరువాత పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సంక్రాంతికి ఊరు వెళితే భయం లేదు. మామూలుగా వేసేటంత మేత వేసి, తడి గోనె కప్పి వెళితే రెండు వారాలు నిక్షేపంగా ఉంటాయి.

వానపాముల కోసం, శిక్షణ కోసం దొడ్డబళ్ళాపుర తాలూకా హాడోనహళ్ళిలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని, జి.కె.వి.కె.ను గాని అడగవచ్చు.

"తిరిగి కొంటాము" అనే మాట

తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. "వానపాములు మా దగ్గర కొనండి, పెరిగిన వాటిని మేమే రెట్టింపు ధరకు తిరిగి కొంటాము, ఇంట్లో కూర్చుని నెలకు వేలు సంపాదించండి" అని ఎవరైనా వస్తే ఒక్క ప్రశ్న అడగండి. "మీరు కొన్న వానపాములను చివరకు ఎవరికి అమ్ముతారు?" జవాబు "కొత్తగా చేరే వారికి" అయితే, కొత్తవారు రావడం ఆగిన రోజున ఆ వ్యాపారం కూలుతుంది. ఇటువంటి ఒప్పందాలతో నడిచిన బి అండ్ బి వర్మ్ ఫార్మ్స్ అనే సంస్థ అమెరికాలోని ఓక్లహోమాలో 2003లో దివాలా తీసింది. పెంపకందారులు వానపాములతో మిగిలిపోయారు. మన దక్షిణాదిలో ఈము పక్షుల పేరిట ఇటువంటిదే జరిగి, తమిళనాడులోని పెరుందురై ప్రాంతంలో 2012లో ఎందరో పెట్టుబడిదారులు నష్టపోయారు. జీవి మారింది, లెక్క మారలేదు.

ఎరువు తయారీ జీవనోపాధి కాదని నేను అనడం లేదు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ సంస్థ సహకారంతో మహిళా సంఘాలవారు పొలం చెత్తతో, వయ్యారిభామ కలుపుతో వానపాముల ఎరువు చేశారు. అక్కడ ముడిసరుకు పుష్కలం, కొనే రైతు పక్కనే ఉన్నాడు. వంటింటి తొక్కలతో ఆ వ్యాపారం సాగదు.

విద్యార్థులకు

ఖరీదైన డబ్బా లేకుండానే మీరు మంచి ప్రాజెక్టు చేయవచ్చు. వంటింటి చెత్తను ముప్పై రోజులు తూచి, తడి, పొడి, తొట్టికి పనికిరానిది అని మూడు గడులలో రాయండి. ఒకే మట్టి నింపిన ఆరు కుండీల్లో రాగి విత్తనాలు వేసి, మూడింటికి ఎరువు కలిపి, మూడింటికి కలపకుండా, అన్నిటికీ ఒకే కొలత నీళ్ళు పోసి, వారానికొకసారి ఎత్తు కొలవండి. తేడా రాకపోతే రాలేదనే రాయండి. రాసిన అంకెను ఫలితం కోసం దిద్దకపోవడం లెక్కల పుస్తకానికీ, ప్రయోగశాలకూ ఒకటే నీతి.

ముగింపుగా చెప్పేది ఇది. మొక్కలు, నీడ, చూసే మనిషి ఉన్న ఇంట్లో వెయ్యి రూపాయల పైచిలుకుతో చేయించుకున్న తొట్టి పెట్టుకోదగినదే. డబ్బు మిగలదు, కానీ పోయేది కూడా స్వల్పం. అయిదు వేల డబ్బా చాలామందికి అక్కర లేదు. వానపాములు ఉన్నా లేకపోయినా, ఈ రోజే వంటింట్లో రెండవ బుట్ట ఒకటి పెట్టండి. దానికి అయ్యే ఖర్చు యాభై, వంద రూపాయలు. చిగరేనహళ్ళి రైతుకు మనం బాకీ ఉన్న దానిలో అది మొదటి వాయిదా.

శుభాకాంక్షలతో,
ఒక విశ్రాంత బ్యాంకు గుమాస్తా, దేవనహళ్ళి